అంగీ కింది డబ్బా

ఆ మంగళవారం రాఘవేంద్ర పెట్టుకున్న పని ఒక్కటే. రోజూ ఎలా ఉంటాడో అలాగే ఉండటం. కర్నూలు గుండె డాక్టరమ్మ చెప్పింది అదే. ముందురోజు సాయంత్రం ఆమె అతని ఛాతీ మీద అక్కడక్కడా వెంట్రుకలు గీయించి, బిళ్లలు అతికించి, వాటి వైర్లన్నిటినీ ఒక చిన్న డబ్బాలోకి దింపి, ఆ డబ్బాను నడుముకు కట్టించింది. "రేపంతా మామూలుగా ఆఫీసుకు వెళ్లండి, మామూలుగా తినండి, తిరగండి. నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఈ బటన్ నొక్కండి. లోపల ఏం జరుగుతోందో అంతా ఇందులో రికార్డవుతుంది. ఎల్లుండి పొద్దున తెచ్చివ్వండి" అని పంపింది. మామూలుగా ఉండటం ఎంత కష్టమో తెల్లారి అద్దం ముందు నిలబడ్డాక గానీ రాఘవేంద్రకు తెలియలేదు.

రాఘవేంద్ర ఒక మండల కేంద్రంలో సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. అది ఏ మండలమో, ఏ ఆఫీసో చెప్పకపోవడమే అందరికీ మర్యాద. గద్వాల నుంచి రోజూ బస్సులో పోయి వస్తాడు. ఏడాదిన్నరగా అతనికొక నొప్పి. డొక్కల కింద మొదలై, తడిబట్టను పిండినట్టు మెలితిరుగుతూ ఛాతీలోకి ఎక్కుతుంది. ఈసీజీ తీశారు. నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూశారు. స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. ఎక్కడికి పోయినా "అంతా నార్మల్" అన్నారు. ఆ మాట వినగానే ఇంట్లో అందరి ముఖాలూ విప్పారేవి. అతని ముఖం ఒక్కటే వాడిపోయేది. డాక్టరు ముందు కూర్చున్నంతసేపూ ఆ నొప్పి కొత్తల్లుడిలా బుద్ధిగా ఉండి, తిరుగు బస్సెక్కగానే మళ్లీ మొదలయ్యేది. అది గుండెపోటే అయి ఉంటుందని, ఏదో ఒక రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతానని అతనికి లోలోపల గట్టి నమ్మకం కుదిరింది.

"పై గుండీ గూడ పెట్టుకో" అంది పుష్ప, మగ్గం మీది నుంచి లేచి వచ్చి అతని అంగీ సర్దుతూ. పుష్ప చీరలు నేస్తుంది. మొగుడు మూలిగితే చాలు, ముందుగదిలో మగ్గం చప్పుడు ఆగిపోతుంది. ఈ ఏడాదిన్నరలో అలా ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. "ఆఫీసుల ఎవ్వరికి చెప్పకు. పోయినసారి చెప్తె ఏమైంది?"

"తలా ఒక మందు చెప్పిండ్రు."

"మందు చెప్పిండ్రా, నవ్విండ్రా?"

రెండూ జరిగాయి. అటెండరు మాసయ్య వాము నమలమన్నాడు. సూపరింటెండెంటు క్రాంతి కుమార్ అయితే అందరి ముందూ, "ఫైళ్లు మోసేటప్పుడే వస్తదా రాఘవేంద్రా ఆ నొప్పి? జీతం దినం రాదా?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. ఆరోజు నుంచి రాఘవేంద్ర నొప్పి వస్తే బల్ల సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు వంగి, అది తగ్గేదాకా అలాగే ఉండటం నేర్చుకున్నాడు. అతని సొరుగులో ఏదో పోయిందని జనం అనుకునేవారు.

ఆఫీసు తెరిచేసరికి కిటికీ దగ్గర బాలనాగమ్మ నిలబడి ఉంది. పక్క ఊరి ముసలామె. బతుకంతా పత్తి విత్తనాల చేలల్లో పూలు గిల్లీ గిల్లీ ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. మిషన్ మీద ఏ వేలు పెట్టినా అది ఆమెను గుర్తుపట్టదు. దాంతో పింఛను ఆగింది. వేలికి బదులు కంటిని చూసి గుర్తుపట్టే మిషన్ ఒకటి ఆఫీసు బీరువాలోనే ఉంది. దాన్ని బయటికి తీయడానికి సూపరింటెండెంటు సంతకం కావాలి. ఆమె దరఖాస్తు క్రాంతి కుమార్ బల్ల మీద దొంతరలో ఎక్కడో అడుగున పడి ఉంది.

"సారూ, ఇయ్యాలన్న అయితదా?" అంది బాలనాగమ్మ.

రాఘవేంద్ర లోపలికి చూశాడు. క్రాంతి కుమార్ ఫోనులోంచి తలెత్తకుండానే, "రేపు రమ్మను" అన్నాడు.

"రేపు రావాల్నంట అవ్వా" అన్నాడు రాఘవేంద్ర. తన ఉద్యోగంలో సగం ఆ ఒక్క మాట అనడమే.

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు. "సరే బిడ్డా, నువ్వేం జేస్తవు" అని, కొంగుతో ముఖం తుడుచుకుని వరండా మెట్టు మీద కూర్చుంది. ఆమె అటు తిరగ్గానే రాఘవేంద్ర డొక్కల కింద మెలి మొదలైంది. అతను బల్ల కిందికి వంగి బటన్ నొక్కాడు. డబ్బా "బీప్" అంది.

తర్వాత కులం సర్టిఫికెట్టు కోసం వచ్చిన ఒక పిల్లవాడి తండ్రిని కూడా రేపు రమ్మనాల్సి వచ్చింది. మళ్లీ నొప్పి, మళ్లీ బీప్. మూడోసారి బీప్ అన్నప్పుడు మాసయ్య చాయ్ గ్లాసుతో పక్కనే ఉన్నాడు. వంగిన రాఘవేంద్ర అంగీ గుండీల సందులోంచి ఒక నల్లటి వైరు తొంగిచూస్తోంది. నడుము దగ్గర ఏదో ఆకుపచ్చగా మినుకుమినుకుమంటోంది. ఒళ్లంతా వైర్లు దాచుకున్న మనుషులు అధికారుల మాటలు రికార్డు చేసి పట్టించే వీడియోలు మాసయ్య తన ఫోనులో బోలెడు చూశాడు. అతను చాయ్ అక్కడ పెట్టకుండానే వెనక్కి తిరిగి తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి పోయాడు.

"సార్, రాఘవేంద్ర సార్ అంగీల వైర్లున్నయ్. ఎవలినన్న రేపు రమ్మన్నప్పుడల్లా కిందికి వంగి ఏందో నొక్కుతుండు. అది కూస్తుంది."

క్రాంతి కుమార్ ఫోను బోర్లా పెట్టాడు. కాసేపటికి రాఘవేంద్రకు పిలుపు వచ్చింది.

"కూసో" అన్నాడు క్రాంతి కుమార్. ఆ గదిలో రాఘవేంద్రకు కుర్చీ చూపించడం అదే మొదలు. "నడుముకేం గట్టుకున్నవో నాకు తెల్సు."

రాఘవేంద్ర ముఖం పాలిపోయింది. "మీకెట్ల తెల్సింది సార్?"

"నాకన్ని తెలుస్తయి. ఎవరు గట్టిండ్రు?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు రాఘవేంద్ర. "కర్నూల్ల మేడం సార్."

కర్నూలు మేడం ఎవరో క్రాంతి కుమార్‌కు తట్టలేదు. కానీ పక్క రాష్ట్రం మనిషిని పెట్టి పట్టించాలని చూస్తున్నారంటే సంగతి చాలా పైదాకా పోయి ఉంటుందని మాత్రం తట్టింది. "ఎందుకంట?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏడాదిన్నర సంది లోపలేదో తేడా ఉంది సార్. ఎవరు చూసినా అంత నార్మలే అని రాసిస్తుండ్రు. దినమంత పెట్టి చూస్తెగని దొరకదన్నది మేడం."

"దొరికితె?"

"ఇప్పుడు దొరికితె ఫరక్ లేదంట సార్. బాగ ముదిరినంక దొరికితె మాత్రం ఇగ ఇంటికి పంపుడే అన్నది."

క్రాంతి కుమార్ గ్లాసులో నీళ్లన్నీ తాగాడు. "నేనేమన్న జెయ్యాల్నా?"

ఆ మాటకు రాఘవేంద్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత కఠినుడనుకున్నా మనిషి మంచివాడే. "మీరేం జేస్తరు సార్. రోజు ఎట్లుంటరో గట్లనే ఉండుండ్రి. మేడం గూడ గదే జెప్పింది. ఏం దాచొద్దు, ఏం మార్చొద్దు, రేపు పొద్దుగాల నేను పోయి అప్పజెప్పి వస్త."

రాఘవేంద్ర బయటికి పోగానే క్రాంతి కుమార్ లేచి అంగీ సర్దుకున్నాడు. బల్ల మీది దొంతర మొత్తం రెండు చేతులా ఎత్తుకుని వరండాలోకి వచ్చాడు. మెట్టు మీది ముసలామెను చూసి, అక్షరం అక్షరం విడివిడిగా, "బాలనాగమ్మ గారూ, దయచేసి లోపలికి వచ్చి ఆసీనులు కండి" అన్నాడు. మాట ఆమెతో, చూపు రాఘవేంద్ర నడుము మీద.

బాలనాగమ్మ వెనక్కి తిరిగి చూసింది, తన పేరే గల గొప్పింటావిడ ఇంకెవరైనా వచ్చారేమోనని.

"మీకు జరిగిన అసౌకర్యానికి మా కార్యాలయం చింతిస్తున్నది" అన్నాడు క్రాంతి కుమార్, ఈసారి రాఘవేంద్ర పొట్టకు ఇంకాస్త దగ్గరగా వంగి. రాఘవేంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

బీరువా తాళం తీశారు. కంప్యూటర్ ఆపరేటర్ ముబషిరా ఆ కంటి మిషన్ కోసం ఆరు నెలలుగా అడుగుతూ ఉంది. ఇప్పుడు అది నడిచి తన బల్ల మీదికి వస్తే మొదట నమ్మలేదు. దుమ్ము దులిపి, వైరు తగిలించి, "అవ్వా, జర కండ్లు పెద్దగ తెరువు. ఆ, గట్లనే" అంది. చాయ్ తాగినంతసేపు కూడా పట్టలేదు.

"అయిపోయింది."

"అయిపోయిందా?" అంది బాలనాగమ్మ. "మళ్ల ఎప్పుడు రావాలె?"

"ఇగ రావొద్దవ్వా."

ఆమె ముఖం చిన్నబోయింది. తనను వెళ్లగొడుతున్నారనుకుంది. పని నిజంగానే అయిందని, పింఛను మళ్లీ వస్తుందని, అందుకే రానక్కర లేదని ముబషిరా ఆమె పక్కన కూర్చుని చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక బాలనాగమ్మ సూపరింటెండెంటు దగ్గరికి పోలేదు. నేరుగా రాఘవేంద్ర దగ్గరికి వచ్చి, కిటికీ ఊచల్లోంచి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా."

ఆ దీవెన ఊళ్లో ఎవరైనా ఎవరికైనా ఇచ్చేదే. రాఘవేంద్రకు మాత్రం అది తన నొప్పి ఎరిగి ఇచ్చినట్టే అనిపించింది. తాను చేసిందేమీ లేదని చెప్పబోయాడు. ఆమె వినకుండానే మెట్లు దిగింది. ఆమె పోయాక కడుపు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. మాసయ్యకు ఆ చెయ్యి డబ్బా మీద వేసినట్టు కనిపించింది. అతను పరుగున పోయి వరండా ఊడవడం మొదలుపెట్టాడు. వరండాను చీపురు ముట్టుకుని ఎన్నాళ్లయిందో మాసయ్యకే గుర్తులేదు.

బాలనాగమ్మ బస్టాండులో ఊరుకోలేదు. ఆఫీసులో పనులవుతున్నాయని, సారు తనను గారూ అన్నాడని, బస్సు కోసం ఎదురుచూసే వాళ్లందరికీ చెప్పింది. మొదటి మాట కొందరు నమ్మారు, రెండోది ఎవరూ నమ్మలేదు. చూసి పోదామని వచ్చారు. వచ్చినవాళ్ల పనులు అయ్యాయి. వాళ్లు ఊళ్లకు ఫోన్లు చేశారు. మధ్యాహ్నానికి ఆటోలు ఆఫీసు ముందు బారులు తీరాయి. పెళ్లయి ఇంటిపేరు మారని ఆమె, తండ్రి పేరు తప్పు పడినవాడు, పక్కవాడి ఫొటోతో కార్డు వచ్చినవాడు, అందరూ వచ్చారు. క్రాంతి కుమార్ సంతకాలు పెడుతూనే ఉన్నాడు. నడుమ నడుమ తలెత్తి, "ప్రజాసేవయే మా కర్తవ్యం" లాంటి మాటలు రాఘవేంద్ర వైపు తిరిగి అంటూ ఉన్నాడు. రాఘవేంద్ర బాత్రూముకు పోయినప్పుడు మాత్రం ఆఫీసంతా కుర్చీల్లో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి తీసుకునేది.

రాఘవేంద్రకు జరుగుతున్నదంతా వేరేలా అర్థమైంది. పొద్దున్నుంచి మాసయ్య అతణ్ని ఒక్క ఫైలు కూడా ఎత్తనివ్వడం లేదు. మంచినీళ్లు అడగకముందే తెస్తున్నాడు. భోజనం వేళ కాగానే క్రాంతి కుమార్ స్వయంగా వచ్చి, "ముందు నువ్వు తిను రాఘవేంద్రా, పని ఎటు వోదు" అని, తన టిఫిన్ డబ్బాలోంచి బెండకాయ వేపుడు కూడా వడ్డించాడు. వేళకు అన్నం తినడం ఆ ఆఫీసులో రాఘవేంద్రకు ఎప్పుడూ జరగలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆలోచించాడు. మనుషులు ఊరికే ఇంత ప్రేమగా ఎందుకుంటారు? సార్ "నాకన్ని తెలుస్తయి" అన్నాడు. ఎలా తెలిసింది? డాక్టరమ్మ తనకు చెప్పలేని సంగతేదో ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పి ఉంటుంది. ఈ జనమంతా పనుల మీద వస్తున్నట్టు వస్తున్నారు గానీ, తనను కడసారి చూసిపోవడానికే కావచ్చు. వచ్చిన ప్రతివాడూ పోయేముందు తనకు దండం పెడుతున్నాడు కదా.

ఆఫీసు వెనక్కి పోయి పుష్పకు ఫోన్ చేశాడు.

"పుష్పా, వీళ్లకు తెల్సిపోయింది."

"ఏం తెల్సింది?"

"ఏందో నాకు తెల్వదు. కని మస్తు మంచిగ చూసుకుంటుండ్రు. సార్ బెండకాయ వేసిండు."

అవతల మగ్గం చప్పుడు ఆగింది. "నేను వస్తున్న" అంది పుష్ప. ఎందుకంత మంచిగా చూసుకుంటున్నారన్నది ఆమెకు కూడా ఒక్క తీరుగానే అర్థమైంది.

ఇంకొక వింత కూడా జరిగింది. బాలనాగమ్మ పోయినప్పటి నుంచి నొప్పి రాలేదు. బటన్ మీద వేలు పెట్టుకుని రాఘవేంద్ర ఎదురుచూశాడు. రాలేదు. ఇన్నాళ్లూ నొప్పి వస్తే భయపడ్డవాడు ఇప్పుడు రానందుకు భయపడ్డాడు. దీపం ఆరిపోయే ముందు ఇంతేనేమో అనుకున్నాడు.

పుష్ప వచ్చేసరికి పొద్దు వాలింది. జనాన్ని తోసుకుని, మొగుడు కుర్చీలో కుదురుగా కూర్చుని ఉండటం ఒకసారి చూసుకుని, తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి పోయింది. ఆమె ఎవరో మాసయ్య చెప్పగానే క్రాంతి కుమార్ లేచి నిలబడ్డాడు.

"సార్, దాచకుండ జెప్పుండ్రి" అంది పుష్ప. "ఎక్కడిదాక వచ్చింది?"

"ఇంక ఏం గాలేదమ్మా. పొద్దుగాలటి సంది అంతా సాఫ్ చేస్తున్నం. నువ్వు గూడ జర ఆయనకు చెప్పు. రేపు ఆ మేడంకు ఆయన మంచిగ చెప్తె మేమందరం బతుకుతం."

"మీరు బతుకుడేంది సార్? బతకాల్సింది ఆయన."

"ఆయనకేమైతదమ్మా?"

"ఏమైతదేంది సార్, గుండె మీద అన్ని బిళ్లలు అతికిచ్చి, నడుముకు మిషన్ గట్టి పంపితే?"

క్రాంతి కుమార్ మెల్లగా కూర్చున్నాడు. "గుండె మీదనా?"

"గుండెది గుండె మీద గాకపోతె యాడ పెడ్తరు సార్?"

"ఆ మేడం ఎవరు?"

"గుండె డాక్టరమ్మ."

తలుపు దగ్గర నిలబడ్డ మాసయ్య, చాయ్ తేవాలన్న సంగతి గుర్తొచ్చినట్టు అటునుంచి అటే మాయమయ్యాడు. క్రాంతి కుమార్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఉన్నపళంగా కలం విసిరి అందరినీ వెళ్లగొట్టాలని అనిపించింది. కానీ వరండాలో ఇంకా బోలెడు మంది ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. పొద్దుటి నుంచి ఆయన్ను వీడియోలు తీస్తున్నారు. చేసేది లేక మిగిలిన కాగితాలన్నిటి మీదా పళ్లు కొరుకుతూ సంతకాలు పెట్టాడు. కోపంతో పెట్టిన సంతకాలు కూడా చెల్లుతాయి.

గద్వాల బస్సులో పుష్ప జరిగినదంతా చెప్పింది. రాఘవేంద్ర కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ మంచినీళ్లు, ఆ బెండకాయ వేపుడు, ఆ మర్యాద, ఏదీ తనకు కాదు. అన్నీ డబ్బాకు. అతను చిన్నబుచ్చుకున్నాడేమోనని పుష్ప అతని భుజం మీద చెయ్యి వేసింది. చూస్తే అతను నవ్వుతున్నాడు. ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ అలా నవ్వి ఏడాదిన్నర దాటింది.

మర్నాడు కర్నూలులో డాక్టరమ్మ డబ్బా విప్పించి, రికార్డయినదంతా కంప్యూటర్‌లో చూసింది. రాఘవేంద్ర గోడ మీది గుండె బొమ్మను చూస్తూ కూర్చున్నాడు.

"గుండె చక్కగా ఉంది" అందామె.

రాఘవేంద్ర తల వంచుకున్నాడు. మళ్లీ అదే మాట. ఇక తన నొప్పి ఒట్టి భ్రమ అంటుంది, కాస్త ధైర్యంగా ఉండమంటుంది, పంపిస్తుంది.

"నొప్పి మాత్రం నిజం" అంది డాక్టరమ్మ.

అతను తలెత్తాడు.

"మీరు బటన్ నొక్కినప్పుడు గుండె మామూలుగానే కొట్టుకుంది. అంటే ఆ నొప్పి గుండెది కాదు. అంతమాత్రాన నొప్పే లేదని కాదు. కొందరికి కడుపు, అన్నం దిగే గొట్టం పట్టేసినట్టయి ఇలాగే ఛాతీ దాకా వస్తుంది. ఏ పరీక్షకూ దొరకదు. సరిగ్గా ఇదీ కారణమని నేను కూడా చెప్పలేను. కానీ మీకు నొప్పి వస్తోంది. మీరు అబద్ధం చెప్పడం లేదు."

రాఘవేంద్ర ఏడ్చాడు. పరాయి ఆడమనిషి ముందు, నర్సు ముందు, చేతిరుమాలు కోసం జేబులన్నీ వెతుక్కుంటూ ఏడ్చాడు. జబ్బు పేరు దొరకలేదన్న బాధ అందులో లేదు. ఏడాదిన్నరగా తానొక్కడే మోస్తున్న మూటకు ఒకరు చెయ్యి వేశారన్న సంతోషమే అంతా. పుష్ప తన కొంగు అందించింది. "దండాలమ్మా" అని మాత్రం అనగలిగాడు.

డాక్టరమ్మ అతను కుదుటపడేదాకా ఆగింది. "పదకొండు దాటాక ఒక్కసారీ నొక్కలేదు. ఏం చేశారు అప్పుడు?"

జరిగింది చెప్పాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత కొన్ని మాత్రలు రాసింది. వేళకు కొంచెం కొంచెంగా తినమంది, పొద్దున్నే నడవమంది. నొప్పి వచ్చినప్పుడు వంగి దాచుకోకుండా నిటారుగా కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలమంది. చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, చెయ్యి లాగినా మాత్రం తన నొప్పే కదా అని ఊరుకోకుండా వెంటనే దవాఖానాకు రమ్మంది.

గురువారం రాఘవేంద్ర ఆఫీసుకు పోయేసరికి క్రాంతి కుమార్ మెమో చెప్పి రాయిస్తున్నాడు. ముబషిరా టైపు చేస్తోంది.

"కార్యాలయ వేళల్లో అనుమతి లేకుండా యంత్రము ధరించి, తద్వారా సిబ్బందిని భయభ్రాంతులకు గురిచేసి..." క్రాంతి కుమార్ ఆగాడు. "తర్వాత ఏముంటది?"

"పని జేయించినందుకు" అంది ముబషిరా. "సార్, గిది మీదికి పోతె చదివేటోళ్లు ఏమనుకుంటరు?"

ఆయన జవాబు వెతుక్కుంటూ ఉండగానే ఆఫీసు ముందు జీపు ఆగింది. జిల్లా నుంచి తనిఖీ అధికారి దిగాడు. చెప్పకుండా వచ్చాడు. క్రాంతి కుమార్ ఎదురుపోయేలోగా ఆయనే లోపలికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"నెలకు పదిహేను దరఖాస్తులు తెమలని ఆఫీసు మీది. మంగళవారం ఒక్క దినమే వంద దాటింది. దొంగ ఎంట్రీలు ఎక్కిస్తుండ్రా?"

క్రాంతి కుమార్ రిజిస్టరు ఆయన ముందుకు జరిపాడు. నిజం చెప్తే నవ్వులపాలు, అబద్ధం ఏం చెప్పాలో తోచదు. అధికారి కాగితాలన్నీ తెప్పించుకుని చూశాడు. తనకు తోచిన పేరు మీద వేలు పెట్టి, ఫోన్లు చేసి, స్పీకర్ పెట్టి అడిగాడు. మనుషులు నిజం, పనులు నిజం, సంతకాలు నిజం. చివరికి కిటికీ దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ ముసలామెను చూసి, "నీ పనేందమ్మా?" అన్నాడు.

"నా పని అయిపోయింది సారూ" అంది బాలనాగమ్మ. "ఈ బిడ్డకు జొన్నరొట్టెలు తెచ్చిన. పల్లిపొడి గూడ ఉంది."

"మరి ఈ ఆఫీసుల నిన్ను మంచిగ చూసిండ్రా?"

బాలనాగమ్మ క్రాంతి కుమార్ వైపు చెయ్యి చూపింది. "ఆ సారు నన్ను గారూ అన్నడు. కూసోమన్నడు. నా పెనిమిటి గూడ నన్ను ఎన్నడు గట్ల పిలవలే."

అధికారి బ్యాగులోంచి ఒక కాగితం తీసి చూసుకున్నాడు. "నిజం చెప్పాలంటే పెండింగు కింద నిన్ను సస్పెండ్ చేసే కాగితం టైపు జేయించుకొనే వచ్చిన. మంగళవారం ముందు వచ్చి ఉంటే ఇచ్చి పోయేవాణ్ని" అని దాన్ని నాలుగు ముక్కలు చేసి, క్రాంతి కుమార్ బల్ల కింది బుట్టలో పడేశాడు. ఇకనుంచి మంగళవారం జరిగినట్టే రోజూ జరగాలని, తాను వచ్చి చూస్తుంటానని చెప్పి జీపెక్కాడు.

క్రాంతి కుమార్ వంగి బుట్టలోని ముక్కలు ఏరి చూసుకున్నాడు. ముబషిరా ఎవరూ చెప్పకుండానే కంప్యూటర్‌లోని మెమోను తుడిచేసింది. బాలనాగమ్మ రొట్టెల మూట విప్పింది. రాఘవేంద్ర ఒక రొట్టె తుంచి, సగం సూపరింటెండెంటు ముందు పెట్టాడు. ఆయన తిన్నాడు. తిన్నాక, "ఒంట్ల ఎట్లుంది రాఘవేంద్రా?" అని అడిగాడు. ఈసారి ఆయన చూపు రాఘవేంద్ర ముఖం మీదే ఉంది.

"గుండె మంచిగుందన్నది సార్. నొప్పి నిజమే అన్నది."

"వచ్చినప్పుడు చెప్పు. జరసేపు లోపల పండుకుందువు."

ఆ తర్వాత నొప్పి పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడు వస్తూనే ఉంది. రాఘవేంద్ర సొరుగులోకి వంగడం మానేశాడు. నిటారుగా కూర్చుని, "వచ్చింది" అని పైకే చెప్పి, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటాడు. ముబషిరా లేచి అతని బదులు కిటికీ దగ్గర కూర్చుంటుంది. కాసేపటికి అది వచ్చిన దారినే పోతుంది. ఆఫీసులో ఎవరూ నవ్వడం లేదు.

ఆ శనివారం రాఘవేంద్ర, పుష్ప బీచుపల్లి గుడికి పోయారు. డాక్టరమ్మకు, బాలనాగమ్మకు, రొట్టెలకు, అన్నిటికీ కలిపి ఆంజనేయుడికి ఒక దండం పెట్టుకోవాలనిపించింది. గుడిలో వాళ్ల ముందు వరసలో, భార్య పక్కన, చేతిలో తమలపాకుల దండతో క్రాంతి కుమార్ నిలబడి ఉన్నాడు. ఆకుపూజ చేయిస్తున్నాడు. రాఘవేంద్రను చూసి కాస్త తడబడ్డాడు.

"మొక్కా సార్?" అన్నాడు రాఘవేంద్ర.

"అవును. మంగళవారం నాడు మొక్కుకున్న. లోపల జర గాబరాగ ఉండె."

"ఇప్పుడెట్లుంది సార్?"

"ఏం లేదు" అన్నాడు క్రాంతి కుమార్, తమలపాకుల దండను రెండు చేతులా కళ్లకద్దుకుని. "రిపోర్టు మంచిగొచ్చింది."

ఏ రిపోర్టో రాఘవేంద్ర అడగలేదు.